ఇరవై కాళ్ల గుర్రం

నేను యానిమేషన్‌లో పనిచేస్తాను. పొద్దస్తమానం ఎవరివో ఒకరి కాళ్లు కదిలించడమే నా ఉద్యోగం. అందుకేనేమో, ఫ్యూచరిజం, అంటే వేగాన్నీ యంత్రాలనీ నెత్తిన పెట్టుకున్న ఇటలీ కళా ఉద్యమం అనగానే అందరూ చెప్పే రేసు కార్ల కంటే ముందు నాకు గుర్తొచ్చేది ఒక పొట్టికాళ్ల కుక్క.

ఇటలీ చిత్రకారుడు జాకొమో బల్లా 1912లో వేసిన బొమ్మ అది. ఒకావిడ నల్లటి డాక్స్‌హుండ్‌ని షికారుకు తీసుకెళ్తోంది. ఆవిడ మొహం మనకు కనబడదు. గౌను అంచు, బూట్లు, అంతే. కుక్క ఎత్తులో కూర్చుని చూసినట్టు ఉంటుంది. దాని కాళ్లెన్నో లెక్కపెట్టడం కుదరదు, విసనకర్రలా విచ్చుకుని మసకబారిపోతాయి. తోక ఊగిన ప్రతిచోటా ఒక తోక. చేతిలో గొలుసు ఒక్కటే, కానీ అది గాలిలో తిరిగిన వంపులన్నీ ఒకేసారి కనిపిస్తాయి. కుక్క మొండెం మాత్రం దాదాపు కదలదు. బల్లా ఎంత గట్టివాడో అక్కడే తెలుస్తుంది. మొండెం నిలకడగా ఉంటేనే కదా కాళ్ల హడావుడి కంటికి ఆనేది. మేం కూడా వేగంగా పరుగెత్తే పాత్రకి మధ్యలో ఒకటి రెండు ఫ్రేముల్లో అదనంగా కాళ్లు గీస్తుంటాం. చూసేవాళ్లకి అవి విడిగా తెలియవు, తీసేస్తే మాత్రం పరుగు చచ్చిపోతుంది. మేం అలా దాచేసేదాన్ని బల్లా పటం కట్టి గోడకెక్కించాడు.

ఈ ఆలోచన ఊరికే ఊడిపడలేదు. 1880ల్లోనే ఫ్రాన్స్‌లో ఎతియెన్ జూల్ మారే అనే శాస్త్రవేత్త నడక, పరుగు, పక్షుల ఎగరడం, అన్నిటినీ దశలవారీగా ఒకే ప్లేటు మీద ఫొటో తీశాడు. ఆ ఫొటోలు చూసి కుక్క దగ్గరికొస్తే చుట్టరికం ఇట్టే దొరుకుతుంది.

ఉద్యమం మొదలైంది మాత్రం బొమ్మలతో కాదు, కేకలతో. 1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక ‘లె ఫిగారో’ మొదటి పేజీలో ఫిలిప్పో తొమ్మాసో మారినెట్టి అనే కవి తన మానిఫెస్టో, అంటే ఉద్యమ ప్రకటన, అచ్చు వేయించాడు. గర్జించే కారు ముందు లూవ్ర్ మ్యూజియంలోని పాత గ్రీకు శిల్పం సమొత్రాకి విజయదేవత అందం దిగదుడుపేనన్నాడు. అంతకు ముందు ఏడాదే ఆయన కారు, ఎదురొచ్చిన సైకిళ్లని తప్పించబోయి, మిలాన్ దగ్గర గోతిలో పడింది. ఆ బురదనీళ్లని కూడా మానిఫెస్టోలో తల్లి ఒడి అన్నంత గొప్పగా రాసుకున్నాడు. ఇంతవరకూ నాకు సరదాగానే ఉంటుంది. ఆ తర్వాతదే మింగుడుపడదు. మ్యూజియాలు, లైబ్రరీలు, అకాడమీలు కూలగొట్టాలట. యుద్ధమే లోకాన్ని శుభ్రం చేసే ఏకైక మార్గమట. ఆడవాళ్లంటే చులకన ఉండాలట. కుర్రతనపు దూకుడులే అని కొందరు సర్దిచెబుతారు. అప్పటికి ఆయనకి 32 ఏళ్లు. కుర్రతనం అనడానికి నాకు నోరు రాదు.

1910లో బొచ్చోని, కర్రా, రుస్సోలో, సెవెరీని, బల్లా కలిసి చిత్రకారుల తరఫున మానిఫెస్టో వేశారు. పరుగెత్తే గుర్రానికి ఉండేవి నాలుగు కాళ్లు కాదు, ఇరవై అన్నారు. కార్ల కోసం అంత గోల చేసి, తీరా ఉదాహరణ కావాల్సొస్తే గుర్రమే దొరికింది చూడండి! బొచ్చోని అదే ఏడాది వేసిన ‘ఎదుగుతున్న నగరం’ కూడా అంతే. మూడు మీటర్ల వెడల్పు కాన్వాసు. వెనకెక్కడో మిలాన్ శివార్లలో లేస్తున్న భవనాలు, సారవలు. ముందంతా ఎర్రటి గుర్రం, దాన్ని పట్టి ఆపలేక ఒరిగిపోతున్న కూలీలు. కొత్త నగరాన్ని కట్టేది యంత్రాలని వాళ్లెంత చెప్పినా, బొమ్మలో చెమటోడుస్తున్నది మనుషులూ గుర్రాలే.

బొచ్చోనికి బల్లా పద్ధతి సరిపోలేదు. కదలికని ముక్కలుగా కోసి వరసగా పేర్చడం ఫొటో పని అన్నది ఆయన ధోరణి. 1913లో చేసిన నడిచే మనిషి శిల్పం చూస్తే ఆయనకేం కావాలో అర్థమవుతుంది. చేతులుండవు. పిక్కల వెనక గాలి గడ్డకట్టి అతుక్కున్నట్టుంటుంది. అదనపు కాళ్లేమీ లేకుండానే నడక తెప్పించాడు! నాకు ఇప్పటికీ అది అసూయ పుట్టించే పని. ఆయన బతికున్నన్నాళ్లూ అది ప్లాస్టర్‌లోనే ఉంది, కంచు పోతలన్నీ ఆ తర్వాతవే. ఇప్పుడు ఇటలీ 20 సెంట్ల యూరో నాణెం మీద ఉన్నది ఆ మనిషే.

వాళ్లు కోరుకున్న యుద్ధం వచ్చింది. మారినెట్టి, బొచ్చోని, రుస్సోలో, ఆకాశహర్మ్యాల నగరాన్ని కాగితం మీద గీసిన ఆర్కిటెక్ట్ సాంతేలియా, అందరూ 1915లో సైకిళ్ల స్వచ్ఛంద దళంలో చేరారు. బొచ్చోని 1916 ఆగస్టులో వెరోనా దగ్గర శిక్షణలో గుర్రం మీంచి పడి చనిపోయాడు. 33 ఏళ్లు. అక్టోబరులో సాంతేలియా యుద్ధంలో పోయాడు. మారినెట్టి మిగిలాడు. ముస్సోలినీ వెంట నడిచాడు. అకాడమీలు కూల్చమన్న మనిషి 1929లో ఇటలీ రాయల్ అకాడమీ సభ్యుడయ్యాడు.

రుస్సోలో సంగతి చెప్పకపోతే అన్యాయం. పాత సంగీతం చాలు, ఫ్యాక్టరీల రొద, ట్రాముల చప్పుడు కూడా సంగీతమేనని 1913లో రాసి, పెద్ద పెద్ద పెట్టెలకి కొమ్ములు బిగించి శబ్ద యంత్రాలు తయారుచేశాడు. మరుసటి ఏడాది మిలాన్‌లో కచేరీ పెడితే హాల్లో కొట్టుకున్నారు. ఆ అసలు పెట్టెల్లో ఒక్కటీ మిగల్లేదు. 1921లో ఆయన అన్న అంతోనియో ఆర్కెస్ట్రాతో కలిపి వాటిని వాడిన రికార్డు ఒకటి దొరుకుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. గరగరమని ఏదో రొద ఉంది, నిజమే. కానీ ముందు వినిపించేది మాత్రం వాళ్లు చాలించమన్న ఆ పాత ఆర్కెస్ట్రానే.