ఇద్దరు మనుషుల బొమ్మ

"గంటన్నర నుంచి కిటికీలోంచి చూస్తున్నాను. ఒక్క మాట అడగొచ్చు కదా?"

కంచె అవతల నుంచి పక్కింటి పెద్దాయన అన్న మాట ఇది. నాకు ఒళ్లు మండింది. చేతిలో స్పానర్, చెప్పుల నిండా బురద, ఎదురుగా గడ్డి మీద ఎటూ అతకని ఇనుప గొట్టాలు. గంటన్నర నుంచి చూస్తున్నవాడికి వచ్చి ఒక చెయ్యి వేద్దామని తోచలేదా? మాట గొంతు దాకా వచ్చింది. "సారీ" అన్నాను. దేనికో నాకే తెలీదు. ఎనిమిదేళ్లుగా ఈ దేశంలో చాలావాటికి అదే అంటున్నాను.

జరిగింది ఇదీ. గేటు నుంచి గుమ్మం దాకా ఉన్న కాలిబాట మీద ఒక ఆర్చ్ పెట్టి, దాని మీదకి తీగ గులాబీ ఎక్కిద్దామని నా కోరిక. పందిరి అందామంటే పందిరి కాదు, వంచిన గొట్టాలతో చేసిన కమాను. 2 మీటర్ల 40 సెంటీమీటర్ల ఎత్తు. ఆ మాత్రం లేకపోతే తీగ అల్లుకున్నాక ముళ్లు జుట్టుకి తగులుతాయి. డబ్బాలో ముక్కలు ముక్కలుగా వచ్చింది. కూడా వచ్చిన కాగితంలో ఒక్క అక్షరం లేదు, అన్నీ బొమ్మలే. మొదటి బొమ్మలో ఒంటరి మనిషి, అతని మీద ఇంటూ గుర్తు. పక్కన ఇద్దరు మనుషులు, వాళ్లకి టిక్కు.

ఆ రోజు మా ఆయనకి డ్యూటీ. నాకు వారం నైట్ షిఫ్టుల తర్వాత దొరికిన ఒక్క సెలవు. రెండో మనిషిని ఎక్కణ్ణుంచి తేను? కాగితం తిప్పేసి పని మొదలుపెట్టాను.

మన దగ్గర రెండో మనిషిని వెతుక్కోవడం ఏమిటి? డబ్బా విప్పిన చప్పుడు వినిపిస్తే చాలు. ఒకరొచ్చి ఆ చివర పట్టుకుంటారు, ఇంకొకరు తలకిందులుగా పెట్టావంటారు, పనేమీ చెయ్యని మూడో ఆయన ఇద్దరికీ సలహాలిస్తాడు. చికాకే, కాదనను. అక్కడ ఉన్నన్నాళ్లూ వాళ్లందరూ ఎప్పుడు పోతారా అని చూసేదాన్ని.

సరే, నా తప్పు నేను చెప్పుకోవాలి. ప్రతి బోల్టునీ పెట్టగానే స్పానర్‌తో గట్టిగా బిగించుకుంటూ పోయాను. చివరికి పైనున్న కమాను ముక్క పెట్టబోతే రంధ్రాలు కలవవు. వేలెడు తేడా. బలం కొద్దీ లాగాను. గొట్టం జారి, పైన రంగు గీసుకుపోయింది. సరిగ్గా అప్పుడే కంచె అవతల నుంచి ఆ మాట.

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను, కాస్త వస్తారా?" అన్నాను. నిమిషంలో గేటు తీసుకుని వచ్చాడు. బూట్లు ముందే వేసుకుని ఉన్నాడు. చేతిలో రసమట్టం. చుట్టూ తిరిగి చూసి, "అన్నీ వదులు చెయ్యండి" అన్నాడు.

అన్నీ అంటే అన్నీ. ఏడుపొచ్చింది కానీ ఆయన చెప్పింది నిజం. బోల్టు కన్నా రంధ్రంలో వెంట్రుకవాసి ఖాళీ ఎక్కువ ఉంటుంది. మొదట్లోనే బిగించేస్తే ఆ వెంట్రుకవాసి వంకర అక్కడే ఉండిపోతుంది, పదో జాయింటు దగ్గరికి వచ్చేసరికి అదే వేలెడు అవుతుంది. అందుకని నట్లన్నీ ముందు వేళ్లతోనే తిప్పి వదిలెయ్యాలి. మొత్తం నిలబెట్టాక, నాలుగు కాళ్లూ సమంగా ఆనాక, అప్పుడు స్పానర్. గీసుకుపోయిన చోట వెంటనే రంగు పూయకపోతే ఈ వానలకి తుప్పు అక్కడే మొదలవుతుందని కూడా చెప్పాడు.

బోల్టులు విప్పుతూ నేను ఆయన్ని కాదు, మా వార్డుని తలుచుకుంటున్నాను. రెండు వారాల క్రితం, మంచం మీద కిందికి జారిపోయిన ఒక పేషెంట్‌ని ఒక్కదాన్నే పైకి జరిపాను. పేషెంట్ కింద స్లైడ్ షీట్, అంటే సులువుగా జరిపేందుకు వాడే నున్నటి జారుడు గుడ్డ, వేసి ఇద్దరం చెయ్యాల్సిన పని. ఇన్‌ఛార్జి చూసింది. తిట్టలేదు, ఇక్కడ తిట్టరు. పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగింది: "మీరు ఎవర్నీ ఎందుకు అడగరు?" ఆవిడ ముఖంలో ఉన్నది కోపం కాదు, జాలి లాంటిది. అది ఇంకా మంట.

ఎందుకు అడగనో నాకు తెలుసు. వచ్చిన కొత్తలో ఏది అడిగినా "ఏమన్నారు?" అనేవారు. మళ్లీ చెప్తే మళ్లీ "ఏమన్నారు?" మూడోసారికి నాకే వద్దనిపించేది. అడిగే కన్నా చేసుకోవడం సులువు. నడుము నొప్పి ఒక్కటే కదా, అది ఉచ్చారణ అడగదు. దాన్ని వాళ్లు పొగరు అనుకుంటే అనుకోనీ. పిలవకుండా రావడం మనకి చనువు, వీళ్లకి చొరబాటు. మనిషి పడుతున్న అవస్థ కంటి ముందు కనిపిస్తున్నా పిలుపు కోసం ఎదురుచూడటం మర్యాద అంటే, ఆ మర్యాద నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. కానీ ఆ బూట్లు? ఎప్పుడు వేసుకున్నాడో అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు.

నిలబెట్టడం ఇద్దరికీ పెద్ద పని కాలేదు. ఎదురెదురు కాళ్ల మధ్య దూరాలు సమం చేసి, టేపుతో ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి కొలిచాం. రెండు కొలతలూ ఒకటైతే మూలలు సరిగ్గా ఉన్నట్టు. కాళ్ల కింద వచ్చిన చువ్వల్ని ఊరికే మట్టిలో దిగ్గొడదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. వట్టి ఆర్చ్‌లోంచి గాలి దూసుకుపోతుంది, ఆకులు కమ్ముకున్నాక అది తెరచాప అవుతుంది అన్నాడు. కాలికొక గొయ్యి, 45 సెంటీమీటర్ల లోతున తవ్వి కాంక్రీటు పోశాం. అది గట్టిపడేలోపే రసమట్టం రెండు వైపులా పెట్టి బుడగ మధ్యకి వచ్చేదాకా సర్దాం. చేస్తున్నంతసేపూ ఆయన నా ఉద్యోగం గురించి గానీ, ఊరి గురించి గానీ ఒక్క ముక్క అడగలేదు. అడగనివ్వకుండా ఉన్నది నేనేనేమో.

గులాబీని కాలికి ఒక అడుగు దూరంలో, కాస్త ఆర్చ్ వైపు వాల్చి నాటాను. కొమ్మల్ని నిలువుగా పోనిస్తే పూలన్నీ నడినెత్తినే పూస్తాయట. కాలి చుట్టూ ఏటవాలుగా తిప్పి కడితే కింద నుంచీ పూస్తాయి.

మొన్న ఆదివారం కిటికీలోంచి చూస్తే, పెద్దాయన నిచ్చెనెక్కి కంచె చెట్ల కొసలు కత్తిరిస్తున్నాడు. ఒక చెయ్యి కత్తెర మీద, ఒక చెయ్యి కొమ్మ మీద. కింద ఎవరూ లేరు. నిచ్చెన కాలు ఒకటి మెత్తటి మట్టిలోకి దిగుతోంది. రెండు నిమిషాలు చూశాను. పిలవలేదు కదా అనుకుంటూ ఇంకో నిమిషం.

చెప్పులు వేసుకుని వెళ్లి నిచ్చెన పట్టుకున్నాను. ఆయన కిందికి చూశాడు.

"నేనేం పిలవలేదే" అన్నాడు.

"తెలుసు" అన్నాను. "ఎడమ పక్కన ఇంకో కొస మిగిలింది, అది కూడా కానివ్వండి."