జంట సిలిండర్లు, మామూలు బీసీడీ: పని ఎక్కడిదాకా వచ్చింది

స్కూబా డైవింగ్‌లో వాడే మామూలు బీసీడీకి (గాలి నింపి నీళ్లలో తేలడాన్ని అదుపు చేసే తొడుగు) ఒకటికి బదులు రెండు సిలిండర్లు బిగించే పని ఇది.

సామాను: అల్యూమినియం 80 రకం సిలిండర్లు రెండు (ఒక్కోటి 11.1 లీటర్లు, 207 బార్), వాటిని జతగా పట్టి ఉంచే స్టీలు బ్యాండ్లు, ఐసొలేటర్ (రెండు సిలిండర్లనూ విడదీసే వాల్వు) ఉన్న మ్యానిఫోల్డ్ (రెండింటి గాలినీ కలిపే అడ్డగొట్టం), వీపు వైపు గాలి నిండే బీసీడీ. మూడు మిల్లీమీటర్ల వెట్‌సూటు, వెచ్చటి నీళ్లు.

లిఫ్ట్ లెక్క: అయింది

లిఫ్ట్ (బీసీడీ నీళ్లలో మోయగల బరువు) చాలదేమోనని అందరూ ముందు భయపడతారు, కానీ అసలు చిక్కు ఇది కాదు. 200 బార్ దగ్గర రెండింట్లో కలిపి 4,440 లీటర్ల గాలి. లీటరుకు 1.2 గ్రాముల చొప్పున సుమారు 5.3 కేజీలు. సిలిండర్లు ఖాళీ అయ్యాక కూడా తేలిపోకుండా బరువులు సరిచూసుకుంటే, దిగేటప్పుడు అదనంగా మోసే భారం అంతే. లోతులో సూటు నలిగి తేలే గుణం తగ్గినందుకు ఇంకో 2 కేజీలు వేసుకున్నా ఎనిమిది దాటదు. బ్యాండ్ల బరువు మళ్లీ కలపక్కర్లేదు, ఆ మేరకు మునగడానికి కట్టుకునే సీసం తీసేస్తాం. అంటే 15 కేజీల లిఫ్ట్ కాగితం మీద సరిపోతుంది.

ఆకారం: అసలు చిక్కు ఇక్కడే

ఒక్కో సిలిండర్ వ్యాసం 184 మి.మీ. మధ్య దూరం 215 మి.మీ. పెడితే జంట మొత్తం వెడల్పు దాదాపు 40 సెం.మీ. ఒక్క సిలిండర్ కోసం కుట్టిన సన్నటి వింగ్ (వీపు వెనక గాలి నిండే సంచి) పూర్తిగా వాటి కింద పడి నలుగుతుంది. గాలి ఎక్కుతుంది గానీ కదలదు. కింది డంప్ (గాలి వదిలే వాల్వు) తాడు లాగితే రెండు మూడు బుడగలు వచ్చి ఆగిపోతాయి. మిగిలిన గాలి పైకి వస్తుంటే వ్యాకోచించి మనిషిని లాగేస్తుంది. లిఫ్ట్ చాలకపోవడం కంటే ఇదే ప్రమాదం.

జాకెట్ రకాన్ని (ఒంటి చుట్టూ గాలి నిండే బీసీడీ) మొదట్లోనే పక్కన పెట్టేశాం. రెండు సిలిండర్ల చుట్టూ తిరగాలంటే పట్టీ మీటరు పైనే కావాలి. నైలాన్ తడిస్తే సాగుతుంది, 35 కేజీలు దాటిన సెట్టు ఒక ప్లాస్టిక్ బకిల్ మీద వేలాడుతుంది.

కాబట్టి బీసీడీ వీపు పలకకు 280 మి.మీ. దూరంలో రెండు రంధ్రాలు ఉండి, వింగ్ విడిగా మార్చుకునే వీలుంటేనే ముందుకు వెళ్లాలి. మా దానికి ఉన్నాయి. భుజం పట్టీలు పాతవే. వింగ్ మాత్రం జంటల కోసం చేసిన, మధ్య భాగం వెడల్పుగా ఉండే 20 కేజీల రకం.

బిగింపు: అయింది

రెండింటినీ చదునైన నేల మీద నిలబెట్టి, బ్యాండ్లు వదులుగా తొడగాలి. పై బ్యాండ్ సిలిండర్ భుజం వంపు అయిపోయి గోడ నిలువుగా మారే చోట. మ్యానిఫోల్డ్ ఓ-రింగులకు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) పలచగా గ్రీజు రాసి, వాల్వులు ఒకే ఎత్తులో, ఒకే దిశలో కుదిరాకే బ్యాండ్లు బిగించాలి. ముందే బిగించేస్తే అడ్డగొట్టం మీద ఒత్తిడి పడి ఓ-రింగు దగ్గర గాలి కారుతుంది. పై బ్యాండ్ బోల్టు నుంచి కింది బ్యాండ్ బోల్టుకు 280 మి.మీ. ఉందో లేదో టేపుతో కొలవండి. కంటికి సరిగ్గా కనిపించి, పలక ఎక్కించేటప్పుడు అర సెంటీమీటరు తేడా కొడుతుంది.

తల వెనక్కి ఎత్తితే మ్యానిఫోల్డ్ తగులుతుంటే సిలిండర్లను బ్యాండ్లలో కిందికి జార్చాలి. మరీ జార్చితే వాల్వులు చేతికి అందవు. వాల్వు అందడమే ముఖ్యం, తల తగలడం రెండో సంగతి.

కుడి వాల్వుకు మొదటి రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చేది), ఇన్‌ఫ్లేటర్ (వింగ్‌లోకి గాలి నింపేది). ఎడమ వాల్వుకు రెండో రెగ్యులేటర్, గేజ్ (మిగిలిన గాలి చూపే మీటరు). గాలి నింపించాక ఐసొలేటర్ తెరిచే ఉందో చూడాలి. మూసి ఉంటే గేజ్ ఎడమ సిలిండర్‌నే చూపిస్తుంది, ముల్లు కదలకుండానే కుడిది ఖాళీ అవుతుంది. ఎడమ వాల్వు పిడి పైన దేనికైనా రాసుకుంటే దానంతట అదే మూసుకుపోగలదు, నీళ్లలో మధ్యమధ్య చెయ్యి వేసి చూడాలి.

స్టీలు సిలిండర్ల జంటను వెట్‌సూటుతో వాడకపోవడమే మేలు. సిలిండర్లే బరువు కాబట్టి, వింగ్ చిరిగితే వదిలేయడానికి సీసమే ఉండదు.

నీళ్ల పరీక్ష: సగం

ఈత కొలనులో డంప్ బాగా పనిచేసింది. అల్యూమినియం కాబట్టి గాలి తగ్గేకొద్దీ సిలిండర్ల అడుగు పైకి లేస్తోంది, నడుము వెనకే వస్తోంది. జేబుల్లోని సీసంలో 2 కేజీలు తీసి కింది బ్యాండ్ దగ్గర, సిలిండర్ల మధ్య సందులో కట్టాలి. ఆ తర్వాత 50 బార్ దగ్గర, వింగ్ ఖాళీగా, 5 మీటర్ల లోతులో నిలబడగలమో చూడటం మిగిలింది.