రెండు భుజాలు, ఒక కోణం సమానమైతే చాలా?

తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురికి నిన్న సర్వసమాన త్రిభుజాలు (ఒకదానిమీద ఒకటి పెడితే సరిగ్గా సరిపోయేవి) చెబుతుంటే, "రెండు భుజాలు, ఒక కోణం సమానమే కదా పిన్నీ, భు.కో.భు. అని రాసేస్తే పోలా?" అంది. భు.కో.భు. అంటే భుజం-కోణం-భుజం నియమం. పరీక్షల్లో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే, అందుకే నోటితో చెప్పకుండా గీయించాను. ఏబీ 8 సెం.మీ., ఏ దగ్గర 30 డిగ్రీల కోణం, ఇక బీ దగ్గర వృత్తలేఖిని ముల్లు గుచ్చి 5 సెం.మీ. చాపం గీస్తే అది ఆ కోణం రెండో గీతను రెండు చోట్ల ఖండించింది! ఒకటి ఏ నుంచి దాదాపు 4 సెం.మీ. దూరంలో, రెండోది దాదాపు 10. అవే కొలతలు, రెండు వేర్వేరు త్రిభుజాలు. కోణం ఆ రెండు భుజాల మధ్యే ఉండాలని పుస్తకం అంతగా నొక్కి చెప్పేది ఇందుకే.

"మరి లం.క.భు.లో కోణం మధ్యలో లేదుగా?" అని వెంటనే అడిగింది, లంబకోణం-కర్ణం-భుజం నియమం గురించి. ఎంత సంతోషమేసిందో! ఈసారి ఏ దగ్గర 90 డిగ్రీలు, ఏబీ 3, చాపం మళ్లీ 5. ఒక్కచోటే తగిలింది, ఏ నుంచి 4 సెం.మీ. దగ్గర. రెండో త్రిభుజానికి చోటే లేదు. నియమాల పేర్లు బట్టీ పట్టించే ముందు టీచర్లు ఈ రెండు బొమ్మలూ గీయిస్తే బాగుంటుంది, పట్టేది పది నిమిషాలే.