పాత మెయిల్‌కే జవాబుగా

ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ అయి ఈ రోజుకు 11 రోజులు. వారంలో చెబుతామన్నారు. వారం దాటాక గంటకోసారి మెయిల్ తెరవడం, ఏమీ లేదని మూసేయడం. మళ్లీ రాస్తే విసుక్కుంటారేమోనని 3 రోజులు ఊరుకున్నాను.

నిన్న ఉదయం ధైర్యం చేశాను. ఇంటర్వ్యూ సమయం ఖరారు చేస్తూ వారు పంపిన పాత మెయిల్‌కే జవాబుగా రాశాను. అలాగైతే నేనెవరో వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. మొదట రాసినదానిలో ‘ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి’ అని రెండుచోట్ల ఉంది. రెండూ తీసేశాను. వాళ్లు చెప్పిన గడువు గురించే కదా అడుగుతున్నాను, తప్పేముంది? ఏ తేదీన మాట్లాడామో, ఆసక్తి ఇంకా ఉందని, నిర్ణయం ఎప్పటికి తెలుస్తుందని, అంతే. చివర ఒక్క మాట చేర్చాను. డేటాబేస్‌లో ఇండెక్స్‌లు (వివరాలను త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచికలు) పెరిగితే కొత్త వివరాలు చేర్చడం ఎందుకు నెమ్మదిస్తుందని ఆ రోజు అడిగితే తడబడ్డాను. చేర్చిన ప్రతిసారీ ఆ ఇండెక్స్‌లనూ సవరించాలి కాబట్టి అని ఇప్పుడు రాశాను. ఆ వాక్యం రాస్తుంటే నిజంగా సంతోషం కలిగింది.

సాయంత్రానికి జవాబు వచ్చింది. నిర్ణయం తీసుకోవలసిన మేనేజర్ సెలవులో ఉన్నారట, సోమవారం చెబుతారట. రాత్రి కంటినిండా నిద్రపోయాను.