మోకాలి సూది తర్వాత మూడు నెలలు

అలిపిరి నుంచి 3550 మెట్లు ఏటా ఎక్కినదాన్ని. మోకాళ్ల పర్వతం దగ్గర అందరితోపాటు మోకాళ్ల మీద పాకినదాన్ని. 61 ఏళ్లకు మా ఇంటి మూడు మెట్లు దిగడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

రెండేళ్లు మెడికల్ షాపులో అడిగి ఎసిక్లోఫినాక్ కలిసిన నొప్పి బిళ్ళలు వాడాను, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కడుపు మండితే గ్యాస్ బిళ్ళ. బీపీ, షుగర్ చూసే డాక్టరుకు ఈ సంగతి చెప్పనే లేదు. నొప్పి బిళ్ళ కూడా చెప్పాల్సిన మందేనని నాకు తోచలేదు. పాదాలు వాచి పరీక్ష చేయిస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6కు పెరిగి ఉంది. "ఇంకేమైనా వాడుతున్నారామ్మా?" అని అడిగితే అప్పుడు చెప్పాను. బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్‌తో కలిపి ఈ బిళ్ళ రోజూ పడితే కిడ్నీల మీద భారమని, ఆ రోజే మాన్పించారు. మానేశాక రెండు వారాలు పడ్డ నొప్పి తలుచుకుంటే ఇప్పటికీ భయమే. నెలన్నరకు క్రియాటినిన్ 1.2కు దిగింది.

ఎముకల డాక్టరు నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. ఎడమ మోకాలి లోపలి వైపు గుజ్జు బాగా అరిగింది, మూడో గ్రేడు. మార్పిడి ఆపరేషన్ అప్పుడే వద్దనుకుని సూదికి ఒప్పుకున్నాను. ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు. తీరా చూస్తే ఐదు నిమిషాల పని. మందు పూసి శుభ్రం చేసి, లోపల చేరిన పసుపు నీరు లాగి, ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మందు 40 మిల్లీగ్రాములు ఎక్కించారు. రెండు రోజులు కాలికి పని చెప్పొద్దన్నారు. స్టెరాయిడ్ కదా, షుగర్ పెరుగుతుందని ముందే చెప్పారు. మర్నాడు పరగడుపున 280! చెప్పకపోయి ఉంటే హడలిపోయేదాన్ని. ఐదో రోజుకు దారిలోకి వచ్చింది.

నాలుగో రోజు నుంచి నొప్పి సగానికి పైగా పోయింది. "నెలనెలా వేయండి సార్" అన్నాను. కనీసం మూడు నెలలు ఆగాలి, పదే పదే వేస్తే ఉన్న గుజ్జు కూడా పలుచబడొచ్చు అన్నారు. ఈ సూది గుజ్జును పెంచదు, నొప్పి తగ్గిన ఈ రోజుల్లోనే తొడ కండ బలపడాలి అని కూడా చెప్పారు. ఆ మాట పట్టుకున్నాను. కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టడం, రోజుకు మూడు పూటలు. బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. రాత్రి అన్నం మాని 74 నుంచి 69కి వచ్చాను. బాత్‌రూంలో వెస్ట్రన్ కమోడ్ పెట్టించుకున్నాం. మా కోడలు "అత్తా, కింద కూర్చోవద్దు" అంటూ కూరగాయల కత్తిపీట కూడా దాచేసింది.

పదకొండో వారంలో నొప్పి తిరిగి వచ్చింది, కానీ మునుపటంత కాదు. ఇప్పుడు రోజూ పైపూతగా జెల్, మరీ బాధగా ఉన్న రోజున పారాసిటమాల్, వేసుకున్న ప్రతిదీ నోటుబుక్కులో రాసి డాక్టరుకు చూపిస్తున్నాను. రెండో సూది ఇంకా వేయించుకోలేదు. వచ్చే నెల మళ్లీ క్రియాటినిన్ పరీక్ష ఉంది. కుడి మోకాలు కూడా కొద్దిగా మొదలైంది. దానికి మాత్రం వ్యాయామం ఇప్పటినుంచే చేస్తున్నాను.