అత్త అడిగే వరుసలోనే

మావయ్యకి బ్రెయిన్ స్టెమ్‌లో స్ట్రోక్ వచ్చి రెండేళ్లు దాటింది. అన్నీ వినపడతాయి, అన్నీ అర్థమవుతాయి, కదిలేవి మాత్రం కళ్లే. ఎంవీపీ కాలనీలో వాళ్లింట్లో అత్త మంచం పక్కన నిలబడి "క వర్గమా? చ వర్గమా?" అని అడుగుతూ, ఆయన రెప్ప వేసిన దగ్గర ఆగి, ఆ వర్గంలో అక్షరాలు, తర్వాత గుణింతం చదువుతుంది. వత్తులు అడగదు, తనకే తెలిసిపోతాయి.

కానీ సాయంత్రానికి ఆయన రెప్పలు అలిసిపోతాయి. అందుకే మెదడు కరెంటు సిగ్నళ్లని తల మీది నుంచే పట్టే ఈఈజీ టోపీ తెచ్చాను.

నేను వాడుతున్నది 1988లో ఫార్వెల్, డోంచిన్ అనే పరిశోధకులు చూపించిన పద్ధతి. తెర మీద ఆరు అడ్డవరుసలు, ఆరు నిలువువరుసలు, మొత్తం 36 గడులు. ఒక్కో వరుసా మెరుస్తూ పోతుంది, మనకి కావలసిన అక్షరం ఉన్న వరుస మెరిసిన దాదాపు 300 మిల్లీసెకన్లకి మెదడు సిగ్నల్‌లో చిన్న పొంగు వస్తుంది. దాన్నే పీ300 అంటారు. అది కొన్ని మైక్రోవోల్టులే, మిగతా సందడిలో కలిసిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ మెరిపించి సగటు తీయాలి. రెప్పపాటు సిగ్నల్ దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. అత్త మాటగా చదివే ఆ రెప్పపాటునే నా ప్రోగ్రాం నాయిస్ అని తీసేస్తోంది, అది చూసినప్పుడల్లా మనసుకి కష్టంగా ఉంటుంది.

వైజాగ్ ఉక్కపోత ఇంకో తలనొప్పి. చెమట పడితే సిగ్నల్ మెల్లగా పైకీ కిందికీ జారిపోతుంది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం సెషన్ అంతా అలాగే పోయింది, ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి ఏసీ వేసి మొదలుపెడుతున్నాం.

మొదట ఇంగ్లిష్ అక్షరాలే పెట్టాను. ఆయన మనసులో మాట తెలుగులో ఉంటే ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడబలుక్కోమనడం తప్పని రెండో రోజుకే అర్థమైంది. అసలు మన వర్ణమాలే గడుల పట్టిక కదా! ఐదు వర్గాలు ఐదు వరుసలు, ఆరో వరుసకి య ర ల వ స హ. ఙ, ఞల చోట శ, ళ. ప్రతి వర్గం చివర మిగిలిన గడిలో అవును, కాదు, నొప్పి, నీళ్లు, అచ్చులు. హల్లు ఎంచుకోగానే అదే పట్టికలో దాని గుణింతం వస్తుంది.

అమెరికాలో మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చి, మాట్లాడలేని మనిషి పలకాలనుకున్న మాటల్ని నిమిషానికి 62 చొప్పున తెర మీదికి తెచ్చినట్టు 2023లో ప్రకటించారు. మాకు ఆదివారం అరగంటలో వచ్చినవి నాలుగు అక్షరాలు, నాలుగూ సరైనవే.

టోపీ తీశాక జుట్టంతా జెల్. అత్త తడి తువ్వాలుతో తుడుస్తూ, ఇంకేమన్నా కావాలా అని వర్గాలు చదవడం మొదలుపెట్టింది. త వర్గం దగ్గర రెప్ప వేశారు. న. నూ. మళ్లీ త వర్గం, న, నె.

కొబ్బరినూనె సీసా తేవడానికి అత్త లోపలికి వెళ్లింది.