‘నగుమోము’ను నాలుగు రికార్డుల్లో పోల్చి విన్న తీరు: నా అనుభవం

ఒకే కృతిని నలుగురు పాడితే ఎవరిది బాగుందన్న మాట మా హన్మకొండ రసికుల మధ్య ఎప్పుడూ నలుగుతుంటుంది. చాలాసార్లు ఆ తీర్పు పాటకు కాదు, రికార్డుకు పడుతుంది. కాస్త గట్టిగా మోగింది మేలనిపిస్తుంది. వేగంగా తిరిగిన క్యాసెట్‌లో గొంతు చురుగ్గా ఉందనిపిస్తుంది. అందుకని నేను ముందు రికార్డుల మధ్య తేడాలు తీసేసి, ఆ తర్వాతే గాయకుల మధ్య తేడాలు వింటాను. త్యాగరాజస్వామి ‘నగుమోము గనలేని’ కృతికి ఈ పని ఎలా చేశామో రాస్తున్నాను.

తీసుకున్నవి ఇవి: ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ పాత గ్రామఫోన్ రికార్డు నకలు, బాలమురళీకృష్ణ పాడిన సీడీ, రేడియో నుంచి ఇంట్లో ఎత్తుకున్న క్యాసెట్లు రెండు. ఆ రెండింట్లో ఒకటి గాత్ర కచేరీ, ఒకటి వీణ. రెండింటి మీదా కళాకారుల పేర్లు చెరిగిపోయాయి. పేరు తెలియకపోవడం పోలికకు ఒకందుకు మంచిదే.

ఎక్కువ పని క్యాసెట్లదే. అటక మీద ఎండాకాలాలు గడిపిన క్యాసెట్‌ను నేరుగా ప్లే చేయకూడదు. టేప్ పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ముందు ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాలి. టేప్‌ను చదివే హెడ్‌కు ఎదురుగా ఉండే చిన్న ఫెల్ట్ ముక్క రాలిపోయిందేమో చూడాలి. అది లేకపోతే టేప్ హెడ్‌కు ఆనదు, శబ్దం వచ్చీపోయీ ఉంటుంది. హెడ్‌నూ టేప్‌ను లాగే లోపలి స్తంభాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిచి, ఆరనివ్వాలి. వానాకాలం చెమ్మకు టేప్ మీద తెల్లని బూజు కనిపిస్తే ఆ క్యాసెట్‌ను మంచి డెక్‌లో (క్యాసెట్ ప్లేయరులో) పెట్టొద్దు, బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. సీ-120 క్యాసెట్లతో మరింత జాగ్రత్త కావాలి. ఆ టేప్ మరీ పలచన. ఊరికే చిక్కుకుంటుంది, పైగా పక్క పొర అచ్చు పడి పల్లవి మొదలవకముందే సన్నగా పల్లవి వినిపిస్తుంది.

తర్వాత హెడ్ వంపు. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను ప్లే అవుతుండగానే మెల్లగా తిప్పుతూ, తంబుర జీవ (తీగల జుమ్మనే నాదం), మృదంగం చాపు దెబ్బ ఎక్కడ అన్నిటికన్నా స్పష్టంగా వినిపిస్తే అక్కడ ఆపాలి. స్టీరియో కాకుండా మోనోలో వింటే ఆ చోటు సులువుగా దొరుకుతుంది. ఒక్కో క్యాసెట్‌కు ఒక్కో చోటు. ఇది చేయకుండా ట్రెబుల్ పెంచితే వచ్చేది బుస మాత్రమే. మీడియం వేవ్ నుంచి ఎత్తుకున్న క్యాసెట్‌లో సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన ఎలాగూ ఏమీ ఉండదు. లేనిదాన్ని పెంచి తేలేం.

లాప్‌టాప్‌కు ఎక్కించడానికి లైన్-ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడాం. లాప్‌టాప్‌లో ఉండే ఒకే రంధ్రం సాధారణంగా మైకుకు, అందులో డెక్ తీగ గుచ్చితే శబ్దం చీలిపోతుంది. శబ్దం మైనస్ 6 డెసిబెల్ దాటకుండా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఎక్కించి, ఆ ఫైలును ముట్టుకోకుండా దాచి, నకలు మీదే పని చేశాం.

అసలు చిక్కు వేగం. డెక్ 6 శాతం వేగంగా తిరిగితే శ్రుతి ఒక మెట్టు (హార్మోనియంలో పక్క మీట అంత) పెరుగుతుంది, ఒకటిన్నర శ్రుతిలో పాడినాయన రెండులో పాడినట్టు వినిపిస్తాడు. సరిచూసుకోవడానికి మేం రెండు దారులు వాడాం. ఒకటి, ఒకే రికార్డింగుకు కంపెనీ క్యాసెట్, సీడీ రెండూ దొరికితే వాటి నిడివి పోల్చడం. సీడీలో 360 సెకన్లు ఉన్నది మన డెక్‌లో 349 సెకన్లకే అయిపోతే డెక్ దాదాపు 3 శాతం వేగంగా ఉన్నట్టు. మోటారు వెనక రంధ్రంలోని చిన్న స్క్రూతో దాన్ని సరిచేయవచ్చు. రెండోది కరెంటు హమ్, అంటే కరెంటు లైను వల్ల పడే గుమ్మనే చప్పుడు. రేడియో నుంచి ఎత్తుకున్న క్యాసెట్లలో సన్నగా 50 హెర్ట్జ్ హమ్ తరచూ ఉంటుంది. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రం చూస్తే అది 51.5 దగ్గర కనిపిస్తే టేప్ 3 శాతం వేగం. అయితే టేప్ ఆపినా హమ్ వస్తుంటే అది మన ఇంటి వైరింగుది, లెక్కలోకి తీసుకోకూడదు. ఇంకో సంగతి, ఆ రోజుల్లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండేది కాదు, వేసవిలో 49 కన్నా దిగిన సందర్భాలున్నాయి. అందుకే హమ్ ఒక్కదాన్నే నమ్మకుండా మృదంగం నాదం సహజంగా ఉందా అని చెవితోనూ చూశాం. వేగం సరిచేసేటప్పుడు ఆడాసిటీలో శ్రుతినీ కాలాన్నీ కలిపి మార్చే పద్ధతే వాడాలి. శ్రుతిని మాత్రమే మార్చేది వాడితే గొంతు పాడవుతుంది. ఇంకా ముఖ్యం, అందరినీ ఒకే శ్రుతికి లాగొద్దు. ఎవరి శ్రుతి వారిదే, మనం సరిచేసేది యంత్రాన్ని మాత్రమే.

వేగం కన్నా మోసం చేసేది ఊగుడు. గట్టిపడిన రబ్బరు రోలరు టేప్‌ను సమంగా లాగదు, స్వరం సన్నగా వణుకుతుంది. అది కంపిత గమకంలా, అంటే గాయకుడు కావాలని స్వరాన్ని ఊపినట్టు వినిపిస్తుంది. గుర్తుపట్టడానికి తంబుర ఒక్కటే మోగే చోటు వినాలి. తంబుర కూడా వణికితే ఆ గమకం గాయకుడిది కాదు. మా వీణ క్యాసెట్‌లో ఇదే తేలింది. రోలరు మార్చాక గాంధారం మీది ఊపు సగానికి సగం తగ్గింది.

ఇక శబ్దం. మృదంగం దెబ్బలు ఎత్తుగా ఉన్న కచేరీ రికార్డును శిఖరాలు చూసి సమం చేస్తే గొంతు వెనక్కి పోతుంది. అందుకే సగటు బిగ్గరతనాన్ని, రేడియో, టీవీ వాళ్లు వాడే మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనం కొలత)కు తెచ్చి, తర్వాత పల్లవి మొదటి ఆవర్తంలో (తాళం ఒక చుట్టులో) గొంతు సమంగా ఉందా అని చెవితో సవరించాం. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే మేలనిపిస్తుంది.

వినే రోజు ఫైళ్లకు పేర్లు తీసేసి అంకెలు పెట్టాం. అందరిదీ ఒకే భాగం: పల్లవి సంగతులన్నీ (అదే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు), ‘నగరాజధర’ ఎత్తుకున్న చోటు, ‘ఖగరాజు’ మొదటి రెండు ఆవర్తాలు. కచేరీలో స్వరకల్పన (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) ఉంది, గ్రామఫోన్‌లో లేదు. 78 చుట్ల రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే పడుతుంది కాబట్టి ఆ లోటును ముసిరి లోటుగా లెక్కించడం అన్యాయం. ఫ్యాన్లు ఆపి, వరుస మార్చి రెండుసార్లు విని, ఎవరికి వారు రాసుకున్నాకే మాట్లాడుకున్నాం.

అందరూ ముందు వెతికింది ధైవతం, అంటే ‘ద’ స్వరం. ఈ కృతి రాగం ఆభేరి. దాని ఆరోహణలో (స్వరాలు ఎక్కేటప్పుడు) రి, ద లేవు, ధైవతం దిగేటప్పుడే వస్తుంది. ఇప్పటి బాణీలో అది చతుశ్రుతి ధైవతం, 22వ మేళం (మూలరాగం) ఖరహరప్రియ నుంచి పుట్టినది. ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో శుద్ధ ధైవతం, 20వ మేళానిది. ఈ కృతినీ మొదట అలాగే పాడేవారని చాలామంది విద్వాంసులు చెబుతారు. తంబుర పంచమం వినబడుతుండగా ‘నిదప’ దిగుడును పట్టుకోవాలి. ధైవతం పంచమానికి ఆనుకుని ఉంటే శుద్ధం, ఒక మెట్టు విడిచి పైన ఉంటే చతుశ్రుతి. టేప్ వేగం తప్పినా స్వరాల మధ్య ఎడం మారదు కాబట్టి ఈ ఒక్క ప్రశ్నకు పాడైన క్యాసెట్ కూడా నిజమే చెబుతుంది. మేం విన్న నాలుగింట్లోనూ చతుశ్రుతే. హిందుస్తానీ అలవాటున్న ఒకాయన ‘ఇది భీంపలాసే కద’ అన్నారు. స్వరాలు అవే, నిషాద గాంధారాల మీది ఊపే వేరు.

నాకు అన్నిటికన్నా విలువైనది పదం విరుపు. ‘శ్రీ రఘువర నీ’ అని పల్లవి ముగుస్తుంది. ఆ ‘నీ’ వెనక్కి తిరిగి ‘నగుమోము’కు చేరాలి, ‘నీ నగుమోము’ అని. అక్కడ ఊపిరి తీసుకుంటే అర్థం తెగుతుంది. చరణంలో ‘ఖగరాజు’ మొదటి అక్షరం ఒత్తు పలకాలి, లేకుంటే గరుత్మంతుడు కనిపించడు. ‘గగనానికిలకు’ దగ్గర గగనానికి, ఇలకు అన్న రెండు మాటలూ వినబడాలి. ఈ మూడు చోట్లా నేను బాలమురళికే వేశాను. తెలుగు పుట్టింటి భాష అయిన గొంతులో పదం, స్వరం విడిపోవు. జాలి విషయంలో మాత్రం నా ఓటు ముసిరిది. గీతల చప్పుడు మధ్య నుంచి కూడా ఆ హెచ్చు స్థాయి గొంతులో వేడుకోలు తాకుతుంది.

వేరే ఊళ్ల మిత్రులతో పంచుకునేటప్పుడు స్పీకరు ముందు ఫోన్ పెట్టి వాయిస్ మెసేజ్ పంపకండి. ఫోన్‌లో చప్పుడు తగ్గించే ఏర్పాటు తంబురనే చప్పుడనుకుని నొక్కేస్తుంది, ధైవతం తేల్చుకునే ఆధారం పోతుంది. అమ్మకంలో ఉన్న రికార్డులైతే ఫైలు బదులు ఏ నిమిషం దగ్గర ఏం వినాలో రాసి పంపుతాం. ఇంటి క్యాసెట్లవైతే ఎఫ్‌ఎల్‌ఏసీ (నాణ్యత తగ్గని) ఫైలుతో పాటు ఏ డెక్, ఎంత శాతం వేగం సవరించాం, రోలరు మార్చామా లేదా అన్నది ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో జోడిస్తాం. అవతలి వాళ్లకు మన సవరణ తప్పనిపిస్తే వెనక్కి తిప్పుకునే వీలుంటుంది.